తలకు మించిన జవాబు

ప్రత్యూష తలకు ఆ టోపీ సరిపడుతుందని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

కాగితాల మీద దాని పేరు సహచింతన యంత్రం. రాజమండ్రిలో గోదావరికి ఎదురుగా ఉన్న ఆ ప్రయోగశాలలో మాత్రం అందరూ దాన్ని టోపీ అనే పిలిచేవారు. మెత్తటి వలగుడ్డకు లోపలి వైపు సన్నని తీగలు అల్లి ఉండేవి. ఆ తీగలు పక్కగదిలోని కంప్యూటర్లకు కలిసేవి. దాన్ని తయారుచేయడంలోనే డాక్టర్ శేషఫణి జుట్టు నెరిసింది. మొదట్లో లెక్కల ప్రొఫెసర్లకు, చదరంగం ఆటగాళ్ళకు పెట్టి చూశాడు. కొందరికి కళ్ళు తిరిగాయి, కొందరికి వాంతులయ్యాయి. ఒక పెద్దాయన టోపీ తీసేశాక చాలాసేపు తన పేరు తనే చెప్పలేకపోయాడు.

ప్రత్యూష అక్కడ వరద లెక్కలు చూసే ఇంజనీరు. ఒకరోజు పని అయ్యాక, "నేనూ ఒకసారి పెట్టుకు చూడనా సార్?" అంది సరదాగా. శేషఫణి సందేహిస్తూనే పెట్టాడు. ఆమెకు కళ్ళు తిరగలేదు. కాసేపటికి చిన్నగా నవ్వింది.

"ఏమైందమ్మా?" అన్నాడు శేషఫణి కంగారుగా.

"ఏం లేదు సార్. ఇక్కడ చాలా చోటుంది" అంది.

ఆమె చెప్పింది నిజమే. మనిషి మనసు ఒకేసారి నాలుగైదు సంగతులకు మించి పట్టుకోలేదు. ఇంకొకటి అందుకునేలోగా మొదటిది జారిపోతుంది. టోపీ ఉంటే ఏదీ జారదు. మనసు వదిలిన ప్రతిదాన్నీ కంప్యూటర్లు పట్టుకుని, కావలసినప్పుడు తిరిగి అందిస్తాయి. నీటి లెక్కలు కట్టడం కంప్యూటర్లకు ఎప్పుడో వచ్చు. ఏ లెక్క ముఖ్యమో కనిపెట్టడమే వాటికి రాదు. అది ప్రత్యూషకు వచ్చు. ఆమే కంప్యూటర్లూ కలిస్తే, భద్రాచలం నుంచి సముద్రం దాకా నది మొత్తం ఆమె ఒక్క ఆలోచనలో ఇమిడిపోయేది. ఎక్కడ గట్టు బలహీనమో, ఎక్కడ నీరు నిలుస్తుందో ఆమె లెక్క వేయనక్కర్లేదు. తన మోకాలు నొప్పి తనకు తెలిసినట్టు తెలిసేది.

చిక్కంతా టోపీ తీసినప్పుడే వచ్చేది. అంత పెద్ద ఆలోచన మామూలు తలలో పట్టదు. టోపీ తీయగానే ఆలోచనంతా చెదిరిపోయి చివరి మాట ఒక్కటే మిగిలేది. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకు తెలిసేది కాదు. తర్వాత ఒళ్ళు తెలియని నిద్ర పట్టేది.

"జవాబు సరైనదేగా" అనేవాడు శేషఫణి. పరీక్షించిన ప్రతిసారీ అది సరైనదే అయింది.

* * *

ఆ ఏడు శ్రావణంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఎగువన వానలు ఆగలేదు. ఏటిగట్టు మీద కాపలా పెట్టారు. గట్టు ఒకచోట తెగితే దాని వెనక ఉన్న ఊళ్ళన్నీ పోతాయి. నది మధ్య ఉన్న లంకల్లో ఏదో ఒకదాని గట్టుకు గండి కొట్టి, నీటిని లోపలికి వదిలి, నది మట్టం తగ్గించాలని అధికారులు అనుకున్నారు. ఏ లంక అన్నదే తేలలేదు. పొద్దున్నే ప్రయోగశాలకు ఫోనొచ్చింది.

ప్రత్యూష టోపీ పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. కళ్ళు మూసుకుంది. ముఖం మీద ఏ కదలికా లేదు. ఒకసారి మాత్రం పెదవి కొరుక్కుంది. గాజు తలుపు అవతల అధికారులు తెప్పించుకున్న కాఫీ ఇంకా చల్లారలేదు, ఆమె కళ్ళు తెరిచింది.

"నేరేళ్లంక. తూర్పు వైపు గట్టు. మధ్యాహ్నం సముద్రపు పోటు తిరగక ముందే" అంది.

శేషఫణి టోపీ తీశాడు. ఆమె పక్కగదిలో బల్ల మీద పడుకుని నిద్రపోయింది.

మిగతా పనంతా చకచకా జరిగిపోయింది. అసిస్టెంట్ ఇంజనీరు విక్టర్ లాంచీల మీద నేరేళ్లంకకు వెళ్ళి మైకులో చెప్పాడు. జనం పశువుల్ని, పిల్లల్ని ఎక్కించుకుని బయటికొచ్చారు. మధ్యాహ్నం గండి కొట్టారు. నీళ్ళు లంకలోకి పోయాయి. గోదావరి మట్టం తగ్గింది. ఏటిగట్టు నిలిచింది. మర్నాడు అన్ని ఛానెళ్ళలోనూ ప్రత్యూష ఫొటో వచ్చింది.

నీళ్ళు తీశాక నేరేళ్లంక అరటితోటలో గుత్తుల వీర్రాజు శవం దొరికింది. భార్యను, గేదెల్ని లాంచీ ఎక్కించి, వెనక లాంచీలో వస్తానన్నాడట. రాలేదు. ఇంటికి తాళం వేసి ఉండడంతో అందరూ వెళ్ళిపోయారనే అనుకున్నారు. హెచ్చరిక పెడచెవిన పెట్టిన మొండి రైతు అని ఒక పత్రిక లోపలి పేజీలో రాసింది.

ఆ వార్త ప్రత్యూషకు భర్త కిశోర్ చూపించాడు. అతను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. ఆమె చదివి, పేపరు మడిచి, వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నాయి. వాటి ఎదురుగా నిలబడి చూస్తూ ఉండిపోయింది. చివరికి కిశోర్ వచ్చి కట్టేశాడు.

"చూస్తూనే ఉన్నావు కదా ప్రత్యూషా?"

"చూశాను. ఎవరో కట్టేస్తారనుకున్నాను" అంది.

ఆ మాట విని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఎవరో కట్టేస్తారని ఆమె నిజంగానే అనుకుంది. టోపీలో మనసుకు ఆ అలవాటు పడింది. సంగతిని సగంలో వదిలేస్తే అవతల ఎవరో పట్టుకుంటారు. బయటి ప్రపంచంలో పట్టుకునే వాళ్ళు లేరు. కూరల బండి దగ్గర బీరకాయలు కొనాలో దొండకాయలు కొనాలో తేలక నిలబడిపోయేది. మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేసేది. ఎదుటివాళ్ళు మిగతా మాట కోసం చూస్తున్నారని కూడా తెలిసేది కాదు.

పదో తరగతి చదువుతున్న కూతురు ఇందుజ ఒక ఆదివారం లెక్క తెచ్చి ముందు పెట్టింది. ప్రత్యూష ఒక్కసారి చూసి జవాబు చెప్పింది.

"జవాబు పుస్తకం వెనకే ఉందమ్మా. ఎలా వచ్చిందో చెప్పు."

ప్రత్యూష పెన్ను తీసుకుంది. రెండు వరుసలు రాసి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఒకప్పుడు ఇలాంటి లెక్కలు ఈ పిల్లకు తనే నేర్పింది.

"అలాగే వస్తుందిలే" అంది చివరికి.

"అలాగే వస్తుంది అని రాస్తే మార్కులెవరిస్తారు?" ఇందుజ పుస్తకం తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్ల కోపంగా ఏమీ అనలేదు. ప్రత్యూషకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

* * *

మంగాదేవి ప్రయోగశాలకు వచ్చినప్పుడు ప్రత్యూష భోజనం డబ్బా తెరుస్తోంది. వాచ్‌మన్ ఆపబోతే, "ఆవిణ్ణి చూసి ఒక మాటడిగి ఎల్లిపోతానండి" అందట. యాభై దాటిన మనిషి. పాదాలకు లంకమట్టి ఇంకా అంటుకునే ఉంది. తాను వీర్రాజు భార్యనని చెప్పింది. ప్రత్యూష లేచి నిలబడింది.

"టీవీలో చూసేను. ఆలోచించింది మీరేనాండీ?"

"నేనేనండీ."

"మా లంకే ఎందుకండీ?"

ప్రత్యూష నోరు తెరిచింది. నేరేళ్లంక, తూర్పు వైపు గట్టు, మధ్యాహ్నం పోటు. ఆ మూడు మాటలూ ఉన్నాయి. వాటి వెనక చూస్తే ఏమీ లేదు.

"నాకు గుర్తులేదండీ."

మంగాదేవి ఆమె ముఖంలోకి చూసింది. "గుర్తులేదా? మనిషి పోయేడండి."

గొంతులు విని శేషఫణి తన గదిలోంచి వచ్చాడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. "చూడమ్మా, ఆ రోజు అక్కడ గండి కొట్టకపోతే ఏటిగట్టు తెగేది. ఎన్నో ఊళ్ళు పోయేవి. తర్వాత మేము అన్నీ సరిచూశాం. జవాబు తప్పు కాదు."

"తప్పని నేనన్నానాండీ? ఎందుకని అడుగుతున్నాను."

ఆ రోజు రికార్డు శేషఫణి కంప్యూటర్లలో పూర్తిగా ఉంది. కానీ అందులో సగం యంత్రం మాట, సగం ప్రత్యూష మనసు. ఒకదానిలోకి ఒకటి ఎన్నిసార్లు వెళ్ళి వచ్చిందో విడదీసి చదవడం ఎవరికీ రాదు. ఆ సంగతి ఈమెకు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

మంగాదేవి మంచినీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆయన పెద్ద కార్యానికి చుట్టాలొచ్చేరండి. అందరూ అదే అడిగేరు. గోదాట్లో ఇన్ని లంకలుండగా మనదే ఎందుకని. నాకు తెలీదన్నాను. పోన్లెండి, మీకూ తెలీదన్నమాట" అని లేచి వెళ్ళిపోయింది.

భోజనం డబ్బా అలాగే ఉంది. ప్రత్యూష దాని మూత పెట్టేసింది.

"సార్, ఆ రోజు రికార్డులోకి నేను మళ్ళీ వెళ్తాను" అంది.

"దేనికమ్మా?"

"కారణాలు తేవడానికి. ఒకేసారి కాదు. ఒక్కో ముక్క పట్టుకుని, అది నోటితో చెప్పాక ఇంకోటి."

శేషఫణి తల అడ్డంగా ఊపాడు. "పాత ఆలోచనలోకి మళ్ళీ వెళ్ళడం కొత్తగా ఆలోచించడం కంటే కష్టం. ఇప్పటికే నువ్వు మాట మధ్యలో ఆగిపోతున్నావు. నేను గమనించడం లేదనుకోకు. నీకేమైనా అయితే నేను కిశోర్‌కి ఏం చెప్పను?"

"ఎందుకు అయిందో చెప్పండి. నాలాగా గుర్తులేదనకండి" అంది ప్రత్యూష.

శేషఫణి వెళ్ళి టోపీ తెచ్చాడు.

* * *

ఆ పని చలికాలమంతా సాగింది. ప్రత్యూష టోపీ పెట్టుకుని ఆ రోజు ఆలోచనలోకి దిగేది. అక్కడ అన్నీ ఒకేసారి స్పష్టంగా ఉండేవి. ఎంతో హాయిగా ఉండేది. బయటికి రాబుద్ధయ్యేది కాదు. అందులోంచి ఒక్క ముక్కను పట్టుకుని, దాన్నే చూస్తూ, మాటల్లోకి మార్చేది. శేషఫణి యంత్రం శక్తిని కొంచెం కొంచెంగా తగ్గించేవాడు. చాలాసార్లు పైకి వచ్చేసరికి ఆ ముక్క మాయమయ్యేది. ఒక్కోరోజు ఒకే ఒక్క వాక్యం దక్కేది. "ఏటిగట్టు తూము పక్కన ఇసక నేల" అని చెప్పి, ఏదో పెద్ద బరువు మోసినదానిలా కుర్చీలో వాలిపోయేది. శేషఫణి ఆ మాటను తిరిగి ఆమెకే వినిపించేవాడు, మర్చిపోకుండా.

ఇంట్లో పరిస్థితి నానాటికీ దిగజారింది. ఆమె పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తుండక రెండోసారి వేసేది. ఇందుజ స్కూల్లో పిలిచిన మీటింగుకు బయల్దేరి, దారి మధ్యలో ఎక్కడికి వెళ్తోందో తెలియక ఆటోవాడితో వెనక్కి తిప్పించింది. వంట కిశోర్ తీసుకున్నాడు. తర్వాత సంతకాలు, ఫోన్లు, మందులు కూడా అతనే చూసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అతను సెలవు పెట్టి ప్రయోగశాలకు వచ్చి ఆమెను బయటికి పిలిచాడు. ఇద్దరూ గట్టు మీద బెంచీలో కూర్చున్నారు.

"ఎంతకాలం ఇలా?" అన్నాడు.

"ఇంకా సముద్రం సంగతి రావాలి. పోటు వైపు ఏదో..." అని ఆగిపోయింది.

కిశోర్ ఎదురుచూశాడు. ఆమె మాట పూర్తి చేయలేదు.

"చూశావా? నాతో ఒక మాట పూర్తిగా మాట్లాడి ఎన్నాళ్ళయింది? ఇందుజ నీకు ఏమీ చెప్పడం మానేసింది. అమ్మకి చెప్పి లాభం లేదు నాన్నా, సగంలో వెళ్ళిపోతుంది అంటోంది. చచ్చిపోయినాయన తిరిగి రాడు. నువ్వు కారణం తెస్తే ఆవిడకి ఏమొస్తుంది? మనకేం మిగులుతుంది?"

ప్రత్యూష అతని చెయ్యి పట్టుకుంది. ఈసారి మాట పూర్తిగా చెప్పాలని ప్రతి పదాన్నీ ఏరుకుని పలికింది.

"ఆవిడ అడిగినప్పుడు గుర్తులేదన్నాను కిశోర్. ఒక మనిషిని అక్కడ ముంచిన ఆలోచన నా తలలోంచే వచ్చింది, నాకే తెలియదు. ఇలా వదిలేస్తే ఇకమీదట నా ఆలోచనల్లో ఏది నాదో కూడా తెలియదు."

కిశోర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కోపం తగ్గిందని కాదు. అతను కూడా అలసిపోయాడు.

"అయ్యాక మానేస్తావా?"

"తెలీదు" అంది.

* * *

మాఘంలో ఆమె నేరేళ్లంకకు వెళ్ళింది. కిశోర్ తోడు వచ్చి పడవరేవు దగ్గర ఆగాడు. లంకలో అరటిచెట్లు ఇంకా కొన్ని పడిపోయే ఉన్నాయి. మధ్యమధ్య కొత్త పిలకలు లేస్తున్నాయి. మంగాదేవి వంగతోటలో కలుపు తీస్తోంది. ప్రత్యూషను చూసి చేతులు దులుపుకుని గట్టు మీదికి వచ్చింది.

"గుర్తొచ్చిందాండీ?" అంది.

"వచ్చిందండీ."

ప్రత్యూష ఒక పుల్ల తీసుకుని ఒండ్రు మీద నది గీసింది. ఏటిగట్టు తూము పక్కన ఇసక నేల ఉందని, అక్కడ గట్టు కిందనుంచి అప్పటికే ఊట మొదలైందని చెప్పింది. పున్నమి పోటు వల్ల సముద్రం నీళ్ళు తీసుకోవడం లేదని, పోటు తిరిగేదాకా నది మట్టాన్ని ఎలాగైనా తగ్గించి ఉంచాల్సి వచ్చిందని చెప్పింది. ఎగువ లంకలు చిన్నవి, అంతసేపు నీళ్ళు పట్టవు. పక్కనున్న గొల్లమిట్ట లంక పెద్దదే కానీ ఆ వరదలో అక్కడికి లాంచీలు చేరే దారి లేదు, జనం బయటికి రాలేరు. నేరేళ్లంకకు తూర్పున రేవుంది. మధ్యలో నేల పల్లం, నీళ్ళు నెమ్మదిగా నిండుతాయి. జనానికి టైం దొరుకుతుంది.

చెప్తూ చెప్తూ రెండు చోట్ల ఆగిపోయింది. మంగాదేవి తొందరపెట్టలేదు. ఆమె ముగించాక ఒండ్రు మీది గీతల్ని చాలాసేపు చూసింది.

"మా లంక మధ్యలో పల్లమేనండి. నీళ్ళు అక్కడే ముందు నిలబడతాయి" అంది. మళ్ళీ, "అయితే మాదే అవ్వాలన్నమాట" అంది.

"అవునండీ."

"ఇదంతా తేలడానికి మీకెంతసేపు పట్టిందండి?"

"ఎంతోసేపు పట్టలేదు. కాఫీ చల్లారేలోపు."

"మరి గండి కొట్టింది మధ్యాహ్నం కదండీ. పొద్దున్నే తేలిపోయిందంటున్నారు. ఆ మధ్యన ఎవరో ఒకళ్ళొచ్చి, ఇప్పుడు మీరు చెప్పినట్టు చెప్పొచ్చు కదండీ?"

ప్రత్యూష పుల్ల కింద పెట్టింది. "అప్పటికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదండీ. నిద్రపోతున్నాను."

మంగాదేవి కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"మాయన మొండోడు కాదండి. పేపర్లో అలా రాసేరు. ఏదైనా ఎందుకో చెప్తే ఒప్పుకునే మనిషి. ఆ విక్టరుగారినీ అడిగేడండి, మా లంకే ఎందుకండీ అని. నేను పక్కనే ఉన్నాను. కంప్యూటర్ చెప్పిందండీ అన్నాడాయన. పాపం ఆయనకీ అంతే తెలుసు. అంతకుముందు రెండు ఏళ్ళు అలాగే చెప్పి ఖాళీ చేయించేరు. నీళ్ళు రాలేదు. ఇళ్ళల్లో సామాను పోయింది. ఇదీ అలాంటిదే అనుకున్నాడు. మీరు గీసిన ఈ బొమ్మ ఆ రోజు ఎవరైనా గీసుంటే లాంచీ ఎక్కేవోడండి."

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. తర్వాత మంగాదేవి లేచి, వంకాయలు కోసి ఒక సంచీలో వేసి ప్రత్యూష చేతికిచ్చింది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం తెలియదామెకు. ప్రత్యూష ఆ సంచీ పట్టుకుని పడవ దాకా నడిచింది. ఎదురొచ్చిన కిశోర్ ఏమైందని అడగలేదు.

* * *

మళ్ళీ శ్రావణం వచ్చింది, మళ్ళీ వరద వచ్చింది. ఈసారి శేషఫణి టోపీ సిద్ధం చేసి పిలిచినప్పుడు ప్రత్యూష ఒక షరతు పెట్టింది.

"శక్తి తగ్గించండి సార్. తీసేశాక కూడా నా తలలో నిలిచేంత ఆలోచన చాలు."

"అంత చిన్న ఆలోచనకు టోపీ ఎందుకమ్మా? సగం నదైనా కనిపించదు. పూర్తిగా వెళ్తే ఇంతకన్నా మంచి జవాబు దొరుకుతుంది."

"దొరుకుతుంది. దాన్ని నేను ఎవరికీ చెప్పలేను సార్."

శేషఫణి వాదించాలనుకున్నాడు. చలికాలమంతా ఆమెను ఆ కుర్చీలో చూసినవాడు కాబట్టి వాదించలేదు.

ఈసారి ఆమె చాలాసేపు టోపీలో ఉంది. మధ్యలో మూడునాలుగుసార్లు పైకి వచ్చి, తెలిసినంత వరకూ నోటితో చెప్పి, మళ్ళీ వెళ్ళింది. బయట అధికారులు అసహనంగా తిరిగారు. చివరికి గొల్లమిట్ట అంది. అంతకుముందు ఏడాది లేని వంతెన ఇప్పుడక్కడ ఉంది, జనం నడిచే బయటికి రావచ్చు. ఈసారి ఆమె నిద్రపోలేదు. తల పగిలిపోతున్నా విక్టర్‌తో పాటు జీపెక్కింది.

గొల్లమిట్ట స్కూలు వరండాలో ఊరంతా చేరింది. ప్రత్యూష గోడమీద బొగ్గుతో నది గీసి చెప్పడం మొదలుపెట్టగానే కేకలు వేశారు. చిరంజీవి అనే కుర్ర రైతు ముందుకొచ్చాడు. వంగతోటా కొబ్బరితోటా అన్నీ గట్టు పక్కనే ఉన్నాయతనికి.

"మీ ఇల్లు మునుగుద్దాండీ?" అన్నాడు.

"మునగదు."

"అలాగైతే ఎన్నైనా చెప్తారు."

"అడగండి. నాకు తెలిసింది చెప్తాను. తెలియనిది తెలియదంటాను."

అడిగారు. తిట్టారు. ఒక ముసలామె ఏడ్చింది. గండి కాస్త దిగువన కొడితే శ్మశానం మిగులుతుందని ఒకాయన అన్నాడు. ప్రత్యూష ఆలోచించింది. అది ఆమె తలలో పట్టింది. సరేనంది. మధ్యాహ్నం అయ్యేసరికి జనం వంతెన మీదుగా కదిలారు. చిరంజీవి అందరికంటే వెనక, తిట్టుకుంటూ వెళ్ళాడు. గండి కొట్టారు. స్కూలు గోడలు కూలాయి. కొబ్బరిచెట్లు చాలా పోయాయి. మనుషులెవరూ పోలేదు.

నీళ్ళు తగ్గిన వారానికి శేషఫణి ఆమెను తన గదికి పిలిచాడు. అతని కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

"చెప్పకుండా ఉండలేకపోయానమ్మా. ఆ రోజు నువ్వు వెళ్ళాక యంత్రాలతో మిగతా లెక్క పూర్తి చేయించాను. నువ్వు సగంలో వదిలిన దారిలో ఇంకో జవాబుంది. ఎగువన మనుషుల్లేని ఇసక మేట దగ్గర గండి కొడితే సరిపోయేది. గొల్లమిట్ట మునిగేది కాదు. ఆ స్కూలు ఉండేది."

ప్రత్యూష కుర్చీలో కూర్చుంది. "ఎందుకు సరిపోయేది సార్?"

"అది నాకు తెలీదు. నీకు తప్ప ఎవరికీ తెలియడానికి వీల్లేదు. నువ్వు పూర్తిగా లోపలికి వెళ్ళి ఉంటే..." శేషఫణి ఆ మాట పూర్తి చేయలేదు. "నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వు చేసింది తప్పో ఒప్పో కూడా నాకు తేలడం లేదు. ముప్పయ్యేళ్ళు ఈ టోపీ కోసం పనిచేశాను. ఇలాంటి ప్రశ్న వస్తుందనుకోలేదు."

ప్రత్యూష ఇంటికి వెళ్ళి కిశోర్‌కు చెప్పింది. అతను విన్నాడు. "ఈ సంగతి ఎవరికీ తెలియాల్సిన పన్లేదు" అన్నాడు మెల్లగా.

"వాళ్ళకి తెలియాలి" అంది.

మర్నాడు ఆమె గొల్లమిట్టకు వెళ్ళింది. కూలిన స్కూలు దగ్గర జనం ఇటుకలు ఏరుతున్నారు. చిరంజీవి తలకు తువ్వాలు చుట్టుకుని తట్ట మోస్తున్నాడు. ఆమెను చూసి తట్ట దించాడు.

"మళ్ళీ ఏంటండీ?"

"ఆ రోజు ఇంతకన్నా మంచి జవాబు ఒకటి ఉందట. మీ ఊరు మునగకుండా. అది చెప్పడానికి వచ్చాను."

ఇటుకలు ఏరుతున్న వాళ్ళు చేతులు ఆపారు.

"మరి అదెందుకు చేయలేదు?" అన్నాడు చిరంజీవి.

"దాన్ని పట్టుకుంటే నాకు కారణం మిగలదు. మీ ముందుకొచ్చి చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకని అంత దూరం వెళ్ళలేదు. నేనే వద్దన్నాను."

చిరంజీవి నోటికొచ్చిన మాట అన్నాడు. పక్కనున్న పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. దాన్ని విదిలించుకున్నాడు. ప్రత్యూష కదలకుండా నిలబడింది. ఎండ చురుక్కుమంటోంది, తల నొస్తోంది. వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోవడానికి సిద్ధంగానే ఉంది.

వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. చాలాసేపటికి చిరంజీవి తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, ఇటుకల కుప్ప మీద కూలబడ్డాడు.

"కూచోండి" అన్నాడు ఆమె వైపు చూడకుండా. "మొదట్నుంచి చెప్పండి. నాకర్థం కాకపోతే ఆపి అడుగుతాను."

ప్రత్యూష అతనికి ఎదురుగా కూర్చుంది. ఇటుకలు ఏరుతున్న వాళ్ళు ఒకరొకరే వచ్చి చుట్టూ చేరారు.

"మొదట వాన సంగతి చెప్తాను" అంది.